అడగ్గానే చేర్చుకోని చోటు: అనంతపురంలో ఒక పెట్ బోర్డింగ్

అనంతపురంలో కుక్కను గానీ పిల్లిని గానీ ఎవరి దగ్గరైనా ఉంచి ఊరికి వెళ్ళదలచినవారికి నేను ముందుగా చెప్పే మాట ఒక్కటే: అడగ్గానే "తీసుకురండి" అనే చోటికి తీసుకువెళ్ళకండి. టీకా పుస్తకం అడగకుండా, జంతువును కళ్ళారా చూడకుండా, రోజుకింత అని ధర చెప్పి ఫోను పెట్టేసేవాళ్ళు మన కుక్కను ఎంత సులువుగా చేర్చుకుంటారో, రోగంతో వచ్చిన కుక్కను కూడా పక్క గదిలోకి అంతే సులువుగా చేర్చుకుంటారు. నేను ఇక్కడ రాస్తున్నది బెంగళూరు రహదారి వైపు, ఊరి పొలిమేర దాటాక, కానుగ తోపును ఆనుకుని భార్యాభర్తలిద్దరు నడుపుతున్న ఒక పెట్ బోర్డింగ్ గురించి. మేము కాశీయాత్రకు వెళ్ళినప్పుడు మా లాబ్రడార్ జిమ్మీని, పిల్లి మిన్నును అక్కడ ఉంచాము. ఆ తర్వాత ఊరికి వెళ్ళినప్పుడల్లా కుక్కను అక్కడే ఉంచుతున్నాము. మంచితో పాటు లోపాలు కూడా రాస్తున్నాను, పైగా నడిపేది చిన్న కుటుంబం కనుక పేరు రాయడం లేదు.

మునుపు ఈ ఇబ్బంది ఇంతగా ఉండేది కాదు. ఉమ్మడి కుటుంబంలో ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉండేవారు. లేదంటే కుక్కను పల్లెలో తోట దగ్గర వదిలి, కాపలా మనిషికి రెండు పూటలా ఇంత సంకటి వేయమని చెప్పి వెళ్ళేవారు. ఇప్పుడు పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో స్థిరపడ్డారు, ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరే మిగిలారు, ఆ ఇద్దరూ కలిసి కదలాల్సి వస్తే మూగజీవి సంగతి ఏమిటన్నది మొదటి ప్రశ్న అవుతోంది. కారులో బెంగళూరుకైతే 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లే కాబట్టి వెంట తీసుకుపోవచ్చు. దూరపు రైలు ప్రయాణంలో అలా కుదరదు. ఏసీ మొదటి తరగతిలో కూపే (రెండు బెర్తుల గది) గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మన పేరిట ఉంటేనే కుక్కను మనతో ఉండనిస్తారు. లేకపోతే గార్డు ఉండే బ్రేక్ వ్యానులోని కుక్కల పెట్టెలో పంపాలి. స్లీపరులోనూ తక్కిన ఏసీ తరగతుల్లోనూ అనుమతి లేదు. తొమ్మిదేళ్ళు నిండి, వెనుక కాళ్ళ కీళ్ళనొప్పికి రోజూ మాత్ర వేసుకునే కుక్కను ఆ పెట్టెలో రాత్రులు గడపమని పంపడానికి మాకు మనసొప్పలేదు.

ముందు ఊరి నడుమ ఇంకొక చోటు చూశాము. ఇనుప బోనులు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి, బోనులో పట్టని పెద్ద కుక్కలను గోడకు కొట్టిన కొక్కేలకు మూర పొడవు గొలుసుతో కట్టారు, వాటిలో ఒకటి పడుకోబోతే గొలుసు అందక తల పైకెత్తుకునే ఉండిపోయింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం మరీ పొట్టిదో మరీ బరువైనదో అయిన గొలుసుతో జంతువును చాలాసేపు కట్టివుంచడం నేరం. ఆ సంగతి అక్కడి మనిషికి చెప్పాను. ఆయన రోజుకు 200 రూపాయలేనని బదులిచ్చాడు. ధర తక్కువన్నది నిజమే గానీ మేము వెనక్కి వచ్చేశాము.

కానుగ తోపు పక్కన బోర్డింగ్ గేటు దగ్గర, దాన్ని నడిపే భార్యాభర్తల్లో ఆవిడ మా కారు తలుపే తీయనివ్వలేదు. "సార్, ఫస్టు పుస్తకం సూపించండి, కుక్కను తర్వాత దించుకుందాం" అన్నారు. రేబిస్ టీకా తేదీ, వాడుకలో నైన్-ఇన్-వన్ అని పిలిచే కలిపిన టీకా తేదీ, పేజీల్లో అతికించిన సీసా లేబుళ్ళు, డాక్టరు సంతకం, ముద్ర అన్నీ వరుసగా చూసి, తేదీలు తన పుస్తకంలో ఎక్కించుకున్నారు. కలిపిన టీకా డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బుల నుంచి కాపాడుతుంది. కెన్నెల్ కాఫ్ అనే దగ్గుకు టీకా వేరుగా ఉంది. కుక్కలు గుంపుగా ఉండే చోట అది చాలా వేగంగా వ్యాపిస్తుంది. ఆ టీకా వేయించారా అని ఆవిడ అడుగుతారు గానీ తప్పనిసరి చేయలేదు. తప్పనిసరి చేయాలన్నది నా అభిప్రాయం, ఆ మాట వారితోనూ చెప్పాను.

మేమక్కడ ఉండగానే ఒక యువకుడు మూడు నెలల కుక్కపిల్లను తెచ్చాడు. టీకా ముందురోజే వేయించాడట. ఆవిడ పుస్తకం చూసి తిరిగి ఇచ్చేశారు. "నిన్న ఏసిన సూదికి ఈపొద్దు బలం రాదు నాయనా, రెండు వారాలన్నా పోవల్ల. ఈడుండే పిల్లలకు ఏమన్నా అయితే నేనేం జెప్పుకునేది?" అన్నారు. అతను సాయంత్రం రైలుందని బతిమాలాడు, రెట్టింపు ఇస్తానన్నాడు; ఆవిడ ఒప్పుకోలేదు, పిల్లను ఇంటికి వచ్చి చూసుకునే మనిషి ఫోను నంబరు మాత్రం ఇచ్చి పంపారు. ఈ బోర్డింగ్ మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే. పార్వో సోకిన కుక్కపిల్లలు వాంతులు, రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే చనిపోవచ్చు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది, మామూలు సబ్బునీళ్ళకూ చాలా రకాల క్రిమిసంహారక మందులకూ లొంగదు. మలం పూర్తిగా కడిగేసి, ముప్పై పాళ్ళ నీటికి ఒక పాలు బ్లీచ్ ద్రావణం కలిపి, కనీసం పది నిమిషాలు నేల మీద నిలవనిస్తే చస్తుంది. ఒక్క కుక్కపిల్లను మొహమాటానికి చేర్చుకుంటే దాని తర్వాత ఆ గదిలోకి వచ్చే పిల్లలన్నిటికీ ముప్పు తప్పదు కనుక, డబ్బు వదులుకుని గేటు మూయగలిగినవారికే ఈ పని అప్పగించవచ్చు.

పుస్తకం తర్వాత ఒంటి పరీక్ష. జిమ్మీ చెవులు వెనక్కి మడిచి లోపల చూశారు, మెడపట్టీ విప్పి దాని కింద వేళ్ళతో తడిమారు, కాలివేళ్ళ సందులు ఒక్కొక్కటీ విడదీసి చూశారు. వెతికింది గోమార్ల కోసం, అంటే పిడుదుల కోసం. ఈ పరీక్ష ఎంత అవసరమో చాలామందికి తెలియదు. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాలు మన ప్రాంతపు కుక్కలను బాగా పీడిస్తాయి. పిడుదు కుట్టినరోజే జబ్బు బయటపడదు, ఎర్లీకియాకైతే ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. కుక్క ఇంటికి వచ్చాక తిండి మానేస్తుంది, ముక్కు నుంచి రక్తం కారుతుంది, రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. అప్పుడు బోర్డింగ్ వాళ్ళను మనం అంటాము, మీ కుక్కే తెచ్చిందని వాళ్ళంటారు. చేర్చుకునేటప్పుడూ తిరిగి ఇచ్చేటప్పుడూ ఇద్దరి ఎదుటా ఒళ్ళంతా వెతికి పుస్తకంలో రాసుకుంటే ఆ తగువుకు చోటుండదు. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ పరీక్ష ఆవిడే గుర్తుపెట్టుకుని మళ్ళీ చేశారు.

కుక్కల గదుల నేలకు తాడిపత్రి నాపరాయి బండలు పరిచారు. అవి చల్లగా ఉంటాయి, కడిగితే తొందరగా ఆరతాయి, మన జిల్లాలో దొరికే సరుకు కాబట్టి ఖర్చూ తక్కువ. అయితే బండకూ బండకూ మధ్య సందు ఉంటే అదే పిడుదుల పుట్టిల్లు. కడుపు నిండా రక్తం తాగిన ఆడ పిడుదు కుక్క మీద నుంచి రాలిపడి, నేల సందుల్లోనో గోడ పగుళ్ళలోనో దూరి, వేల గుడ్లు పెడుతుంది. ఇక్కడ సందులన్నిటినీ సిమెంటుతో పూడ్చారు. గది ఖాళీ అయిన ప్రతిసారీ ఆవిడ భర్త చిన్న గ్యాసు బర్నరు పట్టుకుని నేల అంచుల వెంబడీ, గోడ మూలల్లో పైకప్పు దాకా నీలం మంటతో నెమ్మదిగా కాల్చుకుంటూ పోతారు. పిడుదులు పైకి పాకుతాయి కనుక కింద ఒక్కటే కాలిస్తే చాలదన్నారు. అలా ఒక గది కాల్చడం నిలబడి చూశాను. తొందరపడకుండా, ఒక్క మూల కూడా వదలకుండా చేశారు. గోడ అందం చెడుతుంది, పొగచూరుతుంది. చూడటానికి వచ్చినవారికి ఆ మసి నచ్చకపోవచ్చు గానీ నాకైతే తెల్లటి టైల్సు కంటే ఆ మసే ధైర్యమిచ్చింది.

వెంటనే చేర్చుకోలేదు కూడా. యాత్రకు వారం ముందు ఒక రాత్రి ఉంచి చూడమన్నారు. మొదటిసారి వచ్చే కుక్కకు ఇది వారి నిబంధన. కొత్త చోట ఆ రాత్రి తింటుందా, ఏడుస్తుందా, పక్క కుక్కల మీదికి ఎగబడుతుందా అన్నది యజమాని ఊళ్ళో ఉండగానే తేలిపోవాలని వారి ఉద్దేశం. సరిపడని కుక్కను మరుసటి రోజే తీసుకుపొమ్మంటారు. ఆ తర్వాత ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు: రోజూ చూపించే డాక్టరు ఎవరు, మేము ఫోను ఎత్తకపోతే ఎవరికి చెప్పాలి, అత్యవసరమైతే మమ్మల్ని అడగకుండా ఎంత దాకా వైద్యానికి ఖర్చుపెట్టవచ్చు. రైలులో సిగ్నలు అందని గంటలు చాలా ఉంటాయి కాబట్టి ఆ మూడో ప్రశ్నకు జవాబు రాసి ఇవ్వడం ప్రయాణమయ్యేవారికి ఎంతో నిశ్చింత. వారు అడగకపోయినా మీరే రాసి ఇవ్వండి.

తిండి విషయంలో వారి పద్ధతి నాకు బాగా నచ్చింది. ఇంట్లో ఏది తింటే అదే పెడతారు. వారి దగ్గరున్న మేత పెట్టరు. తిండి ఒక్కసారిగా మారితే కుక్కకు విరేచనాలు పట్టుకుంటాయి, వాటికి కారణం తిండా జబ్బా అని తేల్చుకోవడం కష్టం. జిమ్మీ తినేది రాగిసంకటి, ఉడికించిన కోడిమాంసం, కాస్త పెరుగు. తెల్లవారుజామున ఆవిడ తమ ఇంటికి వండే ఎసరులోనే దానికీ సంకటి కెలికి, ముద్దను పళ్ళెంలో విడదీసి, వేలు పెట్టి చూసి, ఆరాకే పెట్టేవారు. పులుసు మాత్రం చుక్క కూడా కలపనివ్వరు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. నాటుకోడి పులుసులో మిగిలిన ఎముకలు ప్రేమతో వేసేవాళ్ళు మన ఇళ్ళలో చాలామంది, ఉడికిన ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది. కీళ్ళనొప్పి మాత్రలను నేను లెక్కపెట్టి ఇచ్చాను, ఆవిడా లెక్కపెట్టుకున్నారు, మిగిలినవి తిరిగి ఇచ్చారు. మాత్రలు అయిపోతే మనుషులు వాడే నొప్పి మాత్ర ఇవ్వబోమని చెప్పారు. ఆ మాట అందరి నుంచీ రాబట్టుకోవాలి, ముఖ్యంగా పిల్లులున్నవారు: ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

రోజూ వాట్సాప్‌లో వీడియో పంపుతారు. కుక్క తోక ఊపుతూ పరుగెత్తడం చూస్తే మనసుకు హాయిగానే ఉంటుంది, కానీ అర నిమిషం వీడియో ఆరోగ్యం గురించి ఏమీ చెప్పదు. వారు రాసే గీతల నోటుపుస్తకం దానికంటే ఎంతో విలువైనది. ప్రతి జంతువుకూ ఒక పేజీ ఉంటుంది. "ఉదయం సంకటి సగం, పెరుగు అంతా. మాత్ర వేసినాము. దొడ్డికి గట్టిగా పోయింది. ఎడమ వెనక కాలు కొంచెం ఈడుస్తా ఉంది, సాయంత్రం తిప్పలేదు" అని ఒకరోజు రాశారు. దొడ్డికి ఎలా పోయిందో రాసేవారికి నిజంగా గది శుభ్రం చేసే అలవాటు ఉందని అర్థం. ఆ పేజీని రాత్రికి ఫొటో తీసి పంపమని అడిగితే పంపారు, మా డాక్టరుకు దాన్నే చూపించాము.

ఇక లోపాలు. మొదటిది పిల్లుల గది. అది కుక్కల నడవాకు ఎదురుగా ఉంది, తలుపు మూసినా మొరుగుళ్ళు వినబడుతూనే ఉంటాయి, కుక్కల వాసన తగులుతూనే ఉంటుంది. మిన్ను అటక మీది అట్టపెట్టెలో దూరి మరుసటి రోజు సాయంత్రం దాకా ఏమీ ముట్టలేదు. కుక్క ఒకరోజు తినకపోతే అంత భయపడనక్కరలేదు. పిల్లి సంగతి వేరు. రెండు మూడు రోజులు పస్తున్న పిల్లికి, అందులోనూ లావుగా ఉన్నదానికి, ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఆవిడ ఆ రాత్రే ఫోను చేసి, దాచకుండా చెప్పి, పిల్లిని మా ఇంటికే చేర్చి ఎవరైనా వచ్చి చూసుకునే ఏర్పాటు చేసుకుంటే మంచిదన్నారు. మా వీధిలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి రెండు పూటలా వచ్చి తిండి పెట్టి, ఇసుక తొట్టి శుభ్రం చేసి, ఒక గంట కూర్చుని వెళ్ళింది. తన మూలకు తాను చేరగానే మిన్ను ఆ పూటే తిన్నది. పిల్లికి మనుషుల కంటే చోటు ముఖ్యం. కాబట్టి పిల్లులకు ఈ బోర్డింగ్‌ను నేను సిఫారసు చేయను. మరో దిక్కున పిల్లులకు విడిగా గది కట్టేదాకా వాటిని తీసుకోకపోవడమే వారికీ మంచిది.

రెండోది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడం ద్వారానే ఒంటి వేడి దింపుకుంటుంది. దాని మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, 104 దాటితే ప్రమాదం మొదలైనట్టే. పగ్ వంటి ముక్కు చప్పిడి కుక్కలకు రొప్పడం సరిగా చేతకాక ఇంకా ముందే ప్రమాదం వస్తుంది. ఇక్కడి కప్పు రేకులది. రేకుల మీద సున్నం కొట్టి, పైన కొబ్బరిమట్టలు పరిచారు, గదుల్లో కూలర్లు పెట్టారు, పొద్దున ఏడు దాటాక సాయంత్రం దాకా కుక్కలను బయట తిప్పరు. ఇంతవరకు బాగానే ఉంది. కరెంటు పోతే మాత్రం ఇన్వర్టరు ఫ్యాన్లనే నడుపుతుంది, కూలర్లను నడపలేదు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయి గంట దాకా రాకపోతే రేకుల కింద ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది. తడిగోనెలు పరిచి, నీళ్ళు చల్లి చూసుకుంటామన్నారు. చిన్న జనరేటరు కొనేదాకా చప్పిడి ముక్కు కుక్కలను, గుండెజబ్బున్న కుక్కలను ఆ రెండు నెలలు అక్కడ ఉంచవద్దు. మా జిమ్మీని కూడా వేసవిలో ఉంచము.

పారిపోయే భయం విషయంలో వారు జాగ్రత్తపడ్డారు. గేట్లు రెండు, నడుమ ఒక మనిషి, ఒక కుక్క నిలబడే జాగా. ఒకటి మూసి గడియ పెడితే గానీ రెండోది తీయరు. యజమాని వెళ్ళిపోగానే వెంటపడి ఉరికే కుక్కలే ఎక్కువగా తప్పిపోతాయి, పక్కనే లారీలు పోయే రహదారి. దీపావళికి, వినాయకచవితి ఊరేగింపులకు ఊళ్ళో ఉన్నంత మోత అక్కడ ఉండదు. రాత్రుళ్ళు భార్యాభర్తలు అక్కడే పడుకుంటారు. ఇది అడిగి తెలుసుకోవలసిన సంగతి, చాలా చోట్ల సాయంత్రం తాళం వేసి వెళ్ళిపోతారు.

మధ్యరకం, పెద్ద కుక్కలకు మా దగ్గర రోజుకు 500 రూపాయలు తీసుకున్నారు, తిండి సరుకు మాది. సగం ముందుగా కట్టాలి. స్నానానికి వేరే, అడగకుండా చేయించి బిల్లులో వేయరు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా గేటు తీయరు. మేము యాత్ర నుంచి రెండింటికి చేరి, మూసిన గేటు ముందు కారులో ఎండలో కూర్చోవలసి వచ్చింది, ఆ సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఇచ్చేటప్పుడు తూకం వేసి, చేర్చినరోజు తూకం పక్కన రాసి చూపించారు. కొద్దిగా తగ్గింది, వారంలో మళ్ళీ పుంజుకుంది. ఎదకు వచ్చిన ఆడకుక్కలను, కరిచిన చరిత్ర ఉన్నవాటిని చేర్చుకోరు. సంక్రాంతికి, దసరాకు గదులు ముందే నిండిపోతాయి కాబట్టి నెల ముందే చెప్పుకోవాలి. మొదటిసారి వెళ్ళేవారు ఒక రాత్రి ఉంచి చూసే నిబంధన ఉందని గుర్తుంచుకుని, టికెట్లు తీసుకునే ముందే టీకా పుస్తకంతో అక్కడికి వెళ్ళి రావడం మంచిది.